పట్నం చూసొచ్చిన ఆడవాళ్ళు

కడప జిల్లాలో పాతతరం ఆడవాళ్ళు 'పట్నం' అన్నప్పుడు అది ఏ పట్నమని ఎవరూ అడగరు. పట్నమంటే చెన్నపట్నం. మా అమ్మ తరానికి, నా తరానికి అది హైదరాబాదు అయింది. ఇప్పుడు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో పెరుగుతున్న ఆడపిల్లల్లో చాలామందికి బెంగుళూరు. ఊరి పేరు మారుతూ వచ్చింది గానీ అక్కడికి ఆడవాళ్ళు వెళ్ళిన పద్ధతి మాత్రం చాలాకాలం మారలేదు. మగవాళ్ళు పత్తి బేరాలకు, బంగారం కొనుగోళ్ళకు, కోర్టు వ్యవహారాలకు, చదువులకు, ఉద్యోగాలకు పట్నం పోయారు. ఆడవాళ్ళు చలికాలంలో వచ్చే ఏదో ఒక సెలవుకు, సంసారమంతటితో కలిసి, 'చూసి రావడానికి' పోయారు.

పట్నాల చరిత్రలు ఆ పట్నాలను ఏలినవాళ్ళవి, కట్టినవాళ్ళవి, అక్కడ స్థిరపడ్డవాళ్ళవి. రెండు రోజులు చూసి తిరిగివచ్చినవాళ్ళకు వాటిలో చోటు లేదు. వాళ్ళు ఆడవాళ్ళయితే ఇంటి చరిత్రలో కూడా చోటు లేదు. 'అందరమూ పోయొచ్చినాం' అనే ఒక్క వాక్యంలో ఆ ప్రయాణం ముగిసిపోతుంది. ఆ 'అందరం'లో ఎవరు ఏం చూశారు, ఎవరు ఎవర్ని చూసుకుంటూ ఏమీ చూడలేకపోయారు అన్న ప్రశ్న మనం వేయలేదు. సాహిత్య విద్యార్థిగా నేను చాలాకాలం యాత్రాచరిత్రలు చదివాను. కాశీకీ ఇంగ్లాండుకూ పోయినవాళ్ళ రాతలున్నాయి. 1830లో మద్రాసు నుంచి కుటుంబంతో, పెద్ద పరివారంతో బయల్దేరి మా జిల్లా మీదుగా కాశీకి పోయిన ఏనుగుల వీరాస్వామయ్య మజిలీ మజిలీకీ రాసుకున్నాడు. మద్రాసులో ఉన్న తెలుగావిడ పోతం జానకమ్మ రాఘవయ్య ఇంగ్లాండు చూసి వచ్చి రాసిన పుస్తకం 1876లో అచ్చయింది. ఎర్రగుంట్లలో రైలెక్కి పట్నం చూసొచ్చిన మా అవ్వల ప్రయాణం మాత్రం ఎక్కడా రాతలోకి రాలేదు. ఆడవాళ్ళు బహిరంగ స్థలంలోకి వచ్చిన చరిత్రను మనం సభల నుంచి, ఉద్యమాల నుంచి, కాలేజీల నుంచి మొదలుపెడతాం. జూ నుంచి, మ్యూజియం నుంచి, ఎగ్జిబిషన్ నుంచి కూడా మొదలుపెట్టాలని నా వాదన.

సెలవు ఎవరిది?

సెలవు అనేది కచేరీకి, బ్యాంకుకు, బడికి సంబంధించిన మాట. మన దేశంలో ప్రభుత్వ సెలవు దినాలకు ఆధారమైన చట్టాల్లో ఒకటి 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం. హుండీలు, ప్రామిసరీ నోట్లు గడువు తీరే రోజు సెలవైతే ఎప్పుడు చెల్లించాలో చెప్పడానికి ఆ చట్టం సెలవు దినాన్ని నిర్వచించింది. చట్టం పుట్టినప్పుడు ఆదివారాలు కాక పేరుపెట్టి చెప్పిన సెలవులు మూడే: కొత్త సంవత్సరం, క్రిస్మస్, గుడ్‌ఫ్రైడే. మూడింటిలో రెండు చలికాలానివి. ఇంగ్లీషు దొరల పండగకు కచేరీలు, బడులు మూతపడితే, ఎండలు లేని ఆ రోజుల్లో, గుమాస్తాల కుటుంబాలకూ వర్తకుల కుటుంబాలకూ ప్రయాణానికి వీలు కుదిరింది. సంక్రాంతి ఎటూ ఉంది. 1930 నుంచి కాంగ్రెస్‌వాళ్ళు స్వాతంత్ర్య దినంగా జరిపిన జనవరి 26, 1950 నుంచి రిపబ్లిక్ దినమై సెలవుల్లో చేరింది. అలా డిసెంబరు చివరి వారం నుంచి జనవరి చివరి వారం దాకా పట్నం చూసే కాలమైంది.

ఈ సెలవు అందరిదీ కాదు. జమ్మలమడుగు చుట్టుపక్కల నల్లరేగడి పొలాల్లో సంక్రాంతి ముందూ వెనకా పత్తి తీత, ఆ వెంటనే శనగ కోత. పత్తి తీసేది ఆడకూలీలే. వాళ్ళకు చలికాలమంటే నాలుగు రూకలు కళ్ళచూసే కాలం. ఆ రోజుల్లో పని మాని ఊరెళ్ళడం కుదరదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మగ్గాల ఇళ్ళలో నేసిన గుడ్డను బట్టి కూలి. మగ్గం ఆగితే కూలి ఆగుతుంది. కండెలు చుట్టే ఆడమనిషి పనికి విడిగా కూలే లేనప్పుడు ఆమెకు విడిగా సెలవెక్కడిది? కాబట్టి 'పట్నం చూసొచ్చిన ఆడవాళ్ళు' అని నేనంటున్నది ఎక్కువగా జీతం, వ్యాపారం, కాస్త పొలం ఉన్న ఇళ్ళ ఆడవాళ్ళ గురించే. ఆ గీతను చెరిపేసి 'స్త్రీలు' అని రాస్తే అది అబద్ధమవుతుంది. మా ఇంట్లో అవ్వ పట్నం పోయిన మూడు రోజులూ మా ఎనుములకు గడ్డి వేసి పాలు పిండింది ఇంకొక ఆడమనిషి. ఆమె పట్నం చూడలేదు.

సెలవు దొరికిన ఇళ్ళలోనైనా వంటింటికి సెలవు లేదు. ప్రయాణానికి రెండు రోజుల ముందే నిప్పట్లు, కజ్జికాయలు చేయాలి. తెల్లవారి రైలుకు పులుసన్నం, పెరుగన్నం కట్టాలి. పిల్లల గుడ్డలు, పాలడబ్బా, చెంబు, దుప్పట్లు సర్దాలి. తిరిగివచ్చాక ఆ గుడ్డలన్నీ ఉతకాలి. ఇంటాయనకు మూడు రోజుల సెలవైన ప్రయాణం, ఇంటావిడకు ముందు రెండు, వెనక రెండు కలిపి ఏడు రోజుల పని.

పండగ మాటలో కూడా ఒక తమాషా ఉంది. కనుమనాడు కాకి కూడా కదలదని మన సామెత. సంక్రాంతి మరునాడు ప్రయాణం కూడదు, ఇంట్లోనే ఉండాలి. ఆ కనుమ మరునాడే, మనం ముక్కనుమ అనుకునే రోజున, తమిళులకు 'కాణుం పొంగల్'. 'కాణ్' అంటే చూడటం. పెద్దవాళ్ళను, చుట్టాలను, ఊరిని చూసే పండగ. ఆరోజు మద్రాసులో సంసారాలన్నీ మూటాముల్లెతో మెరీనా ఇసుకలోకి, జూకు, పార్కులకు వస్తాయి. మన సామెత ఆడవాళ్ళను ఇంట్లో ఉంచిన మరునాడు అక్కడి పండగ వాళ్ళను బీచికి పంపుతుంది. సంక్రాంతికి పట్నంలోని చుట్టాలింటికి పోయిన మా వైపు ఆడవాళ్ళు ఈ రెండు ఆచారాల మధ్య నిలబడి, కనుమనాడు మన సామెతనూ, మరునాడు వాళ్ళ పండగనూ పాటించారు. ఆచారాన్ని ఆచారంతోనే దాటడం మన ఆడవాళ్ళకు బాగా తెలిసిన విద్య.

యాభై మైళ్ళు దాటితే

మద్రాసు నుంచి వాయవ్యంగా బయల్దేరిన రైలుదారి కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు, తాడిపత్రి, గుత్తి మీదుగా పోయి, 1871లో రాయచూరు దగ్గర బొంబాయి నుంచి వచ్చే దారితో కలిసింది. ప్రొద్దుటూరువాళ్ళు బండి కట్టుకొని, తర్వాత బస్సెక్కి ఎర్రగుంట్లకు, జమ్మలమడుగు, పులివెందులవాళ్ళు ముద్దనూరుకు వచ్చి రైలెక్కేవాళ్ళు. కడప జిల్లా ఆడవాళ్ళకు పట్నాన్ని ఒక రాత్రి దూరానికి తెచ్చింది ఈ దారే.

1890 నాటి రైల్వే చట్టంలో 64వ సెక్షను ఆడవాళ్ళు ప్రత్యేకంగా చదవాల్సింది. ప్రయాణికుల బండి ప్రతిదానిలోనూ అన్నిటికంటే తక్కువ తరగతిలో కనీసం ఒక పెట్టె ఆడవాళ్ళకే కేటాయించాలనీ, బండి యాభై మైళ్ళకు మించి పోయేదైతే ఆ పెట్టెకు మరుగుదొడ్డి ఉండాలనీ అది చెప్పింది. పరదా పాటించే ఇళ్ళ ఆడవాళ్ళు రైలెక్కాలంటే ఇది తప్పదని గ్రహించిన కంపెనీల లాభం లెక్క ఇందులో ఉండే ఉంటుంది. అయినా ఆడమనిషికి ఒక శరీరముంటుందని, దానికి కొన్ని అవసరాలుంటాయని ఒక చట్టం ఒప్పుకుంది. రైలు దిగాక పట్నం ఈ మాటను మరిచిపోయింది. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ఆ ఆడవాళ్ళ పెట్టెలో భర్త, మామ, మరిది ఉండరు. మా అవ్వ పట్నం ప్రయాణం గురించి చెప్పినప్పుడు ఎక్కువసేపు చెప్పింది ఈ పెట్టె గురించే. "రేణిగుంట దాకా నవ్వుకుంటా పొయ్యింటిమి బంగారూ. ఎవురో ఏమో, ఊరూ పేరూ తెలీదు. ఒకామె నాకు తమలపాకులిచ్చ, నేనామెకు నిప్పట్లిచ్చినా" అని. చూడబోయిన పట్నంకంటే పోయిన దారి ఆమెకు బాగా గుర్తుంది. దాన్ని నేను చిన్న విషయమనుకోను. ఇంట్లోవాళ్ళెవరూ వినని చోట, తెలియని ఆడవాళ్ళతో ఒక రాత్రంతా మాట్లాడే అవకాశం ఆమెకు అంతకుముందు దొరికిందీ లేదు, తర్వాత దొరికిందీ తక్కువే.

సచ్చిన కాలేజీ, బతికిన కాలేజీ

మద్రాసులో ఏం చూశావని అడిగితే పాతతరం ఆడవాళ్ళ నోట మొదట వచ్చే మాటలివి. సచ్చిన కాలేజీ అంటే మ్యూజియం. బతికిన కాలేజీ అంటే జూ. తమిళంలోనూ జనం వాటిని అలాగే పిలిచారు. 1851లో మ్యూజియం మొదలైంది సెయింట్ జార్జి కోట కాలేజీ మేడలో. 1854లో ఎగ్మూరులోని పాంథియన్ ఆవరణకు మారింది. దాని బాధ్యత చూసిన ఎడ్వర్డ్ బాల్ఫర్ 1855లో అక్కడే జంతువులను కూడా చేర్చాడు. తర్వాత అవి సెంట్రల్ స్టేషను పక్కన పీపుల్స్ పార్కుకు పోయాయి, 1985లో వండలూరుకు. భవనం మారినా 'కాలేజీ' అనే మాట జనం నోట నిలిచింది. చచ్చిన జంతువులను పెట్టింది ఒక కాలేజీ, బతికిన జంతువులను పెట్టింది ఇంకో కాలేజీ.

ఈ మాటను పల్లెటూరివాళ్ళ అమాయకత్వమని నవ్వుకోవడం అలవాటు. నాకు అందులో వేరే అర్థం కనిపిస్తుంది. మద్రాసులో ఆడపిల్లల కోసం క్వీన్ మేరీస్ కాలేజీ మెరీనా ఎదురుగా 1914లో వచ్చింది. మా జిల్లా ఇళ్ళ నుంచి అక్కడికి చదువుకు పోగలిగిన ఆడపిల్లలు ఎంతమంది? మా అవ్వ ఐదో తరగతితో ఆగిపోయింది. ఆమె జీవితంలో గడప దాటి లోపలికి పోయిన కాలేజీలు రెండే, సచ్చిన కాలేజీ, బతికిన కాలేజీ. అక్షరం రాకపోయినా, పరీక్ష రాయకపోయినా రానిచ్చిన కాలేజీలు. తిమింగలం ఎముకల గూడు, ఖడ్గమృగం, ఏనుగు: ప్రపంచం తన ఊరికంటే పెద్దదని ఆమెకు చెప్పింది బడి కాదు, అవే.

అదే మ్యూజియంలో అమరావతి శిల్పాలున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చిన పలకల్లో కొన్ని 1859లో లండనుకు పోయాయి, మిగిలినవి ఇక్కడ ఉన్నాయి. వాటిలో నలగిరి అనే మదపుటేనుగు బుద్ధుడి ముందు లొంగిన కథ చెక్కిన గుండ్రటి పలక ప్రసిద్ధం. కింద వీధిలో ఏనుగు జనాన్ని తొక్కుకుంటూ వస్తుంది. పైన మేడ కిటికీల నుంచి మనుషులు తొంగిచూస్తుంటారు, ఆడవాళ్ళు కూడా. దాదాపు 1800 ఏళ్ళనాటి తెలుగుసీమ శిల్పి ఆడవాళ్ళను ప్రేక్షకులుగా ఊహించగలిగాడు, కానీ కిటికీ వెనక నుంచే. వీధిలో ఏం జరుగుతున్నదో చూడొచ్చు, వీధిలో ఉండకూడదు. ఆ పలక ముందు నిలబడ్డ మా ఆడవాళ్ళు నేలమీద నిలబడి చూశారు. ఆ తేడా చిన్నదేం కాదు.

చూడటానికి రావడంలో ప్రమాదం కూడా ఉండేది. పీపుల్స్ పార్కులో ఏటా క్రిస్మస్ రోజుల్లో జరిగే సంతలో 1886 డిసెంబరు 31న మంటలు లేచి వందలమంది చనిపోయారు. సెలవు రోజున సంబరం చూడబోయిన సామాన్యులు వాళ్ళు. పట్నం చరిత్రలో వాళ్ళు ఒక సంఖ్యగా మిగిలారు.

రాణివాసం పల్లకి

పట్నం చూడబోయిన ఆడమనిషి గురించి మన సాహిత్యం, సినిమా ఏం ఊహించాయి? మద్రాసులో అచ్చయిన ఒక కథతో మొదలుపెడతాను. తెలుగు క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కమలా సత్యనాథన్ 1901 నుంచి మద్రాసులో 'ది ఇండియన్ లేడీస్ మ్యాగజైన్' నడిపారు. ఆ పత్రికలో 1905లో బెంగాలీ రచయిత్రి రొకేయా ఇంగ్లీషులో రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' వచ్చింది. అందులో కథ చెప్పే ఆమె ఒక నగరం చూడటానికి పోతుంది. ఆ నగరంలో మగవాళ్ళు ఇళ్ళలో ఉంటారు, ఆడవాళ్ళు వీధుల్లో, తోటల్లో, కార్యాలయాల్లో ఉంటారు. పరదా లేకుండా పగలు నడవడానికి సుల్తానా మొదట బెదురుతుంది. ఆ బెరుకును చూసి అక్కడివాళ్ళు ఆమె మగవాళ్ళలా ఉందని నవ్వుకుంటారు. దీన్ని మనం ఆదర్శరాజ్యం కథగా, విజ్ఞాన కల్పనగా చదువుతాం. అది ముందుగా ఒక ఆడమనిషి ఇంకొక ఆడమనిషి చేయి పట్టుకొని ఊరు చూసిన కథ. అలా చూడటం అప్పట్లో కలలోనే సాధ్యం.

రెండోది సినిమా. పులివెందుల తాలూకా కొత్తపల్లిలో పుట్టి మద్రాసులో వాహినీ సంస్థతో పేరుపొందిన బి.ఎన్. రెడ్డి 1951లో 'మల్లీశ్వరి' తీశారు. తిరునాళ్ళు చూసి బావతో బండిలో తిరిగివస్తూ మల్లి వాన పడుతుంటే సత్రంలో ఆగుతుంది. అక్కడ మారువేషంలో రాయలు ఉంటాడు. ఈ పిల్లకు రాణివాసం పల్లకి పంపమని రాయలతో చెప్పండని బావ వేళాకోళమాడతాడు. పల్లకి నిజంగానే వస్తుంది. మాట అన్నది బావ, పల్లకి ఎక్కాల్సింది మల్లి. తిరునాళ్ళు చూడబోయిన ఆడపిల్లను రాజధాని తీసుకుపోయి నాలుగు గోడల మధ్య పెడుతుంది. పల్లెలో ఏటి ఒడ్డున తిరిగిన పిల్లకు నగరమంటే జైలు. కథ చివర రాయలు మన్నిస్తాడు గనక ప్రేక్షకులు తేలికపడి ఇంటికి పోతారు. అంత అందమైన సినిమాలో కూడా నగరం ఆడదానికి చూసే చోటు కాలేదు, ఆమెనే చూసేవాళ్ళ చోటయింది.

ఆ సినిమాలు చూసినవాళ్ళే తర్వాత ఆ సినిమావాళ్ళను చూడటానికి మద్రాసు పోయారు. 1960లు, 70లలో తిరుపతి యాత్రకు వచ్చి, అక్కణ్ణుంచి మద్రాసు పోయి ఎన్.టి. రామారావు ఇంటి ముందు నిలబడి చూసి రావడం తెలుగు సంసారాలకు ఆనవాయితీ. భక్తి పేరుతో బయల్దేరిన ప్రయాణం కాబట్టి ఎవరూ కాదనరు. దేవుణ్ణి అడ్డం పెట్టుకొని తమకిష్టమైనది చూసిన ఆడవాళ్ళ తెలివిని మన సినిమా చరిత్రకారులు అభిమానమని రాసి ఊరుకున్నారు.

రాజధాని మారింది, దారి మారింది

1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకులు ఒక ఒడంబడిక చేసుకున్నారు. రాజధాని, హైకోర్టు, నీళ్ళు ఎలా పంచుకోవాలో రాసుకొని సంతకాలు చేశారు. సంతకాల్లో ఒక్క ఆడమనిషి పేరు లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. 1956 నవంబరు 1న హైదరాబాదు అయింది. మా జిల్లావాళ్ళ కాగితాలు, కొలువులు, ఆస్పత్రులు, ఇంజనీరింగు సీట్లు మెల్లగా అటు తిరిగాయి. పట్నం అనే మాటకు అర్థం అలా మారింది. వెంకటాద్రి, రాయలసీమ ఎక్స్‌ప్రెస్‌లు ఎర్రగుంట్లలో ఆగి ఉత్తరానికి తీసుకుపోతుంటే మా అమ్మ తరం చూసిన పట్నం వేరు.

ఆ చూడాల్సినవాటి పట్టిక మీకందరికీ తెలిసిందే. చార్మినార్, 1963లో తెరిచిన జూ, సాలార్‌జంగ్ మ్యూజియం, 1976 తర్వాత బిర్లా మందిరం. సాలార్‌జంగ్ మ్యూజియాన్ని నెహ్రూ 1951 డిసెంబరు 16న ప్రారంభించారు, 1968లో ఇప్పటి భవనంలోకి మారింది. అక్కడ గంట కొట్టే గడియారం ముందు పిల్లలు కూర్చుంటారు. ముసుగు రెబెక్కా ముందు అందరూ ఆగుతారు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ అది. పెళ్ళికొడుకును చూడబోయే ముందు ముఖం మీదికి ముసుగు లాక్కున్న పెళ్ళికూతురు. రాతిలోనే పలచటి గుడ్డను చెక్కిన పనితనాన్ని ఇంటాయన పిల్లలకు వివరిస్తుంటాడు. బురఖాలోనో, తలమీది కొంగుతోనో వచ్చిన ఆడవాళ్ళు ఆ ముసుగు వైపు చూస్తుంటారు. ప్రొద్దుటూరులో మా వీధిలోని ముస్లిం కుటుంబంతో కలిసి ఆ మ్యూజియం చూసిన మా అమ్మ ఒకసారి అంది, "ఆ రాతిబొమ్మ ముసుగు బాగుందని మెచ్చుకుంటారు, మా ఫాతిమక్క ముసుగును మాత్రం బస్సులో ఎగాదిగా చూస్తారు" అని. నేను చదివిన కళావిమర్శలో ఆ మాట నాకు దొరకలేదు.

జనవరిలో హైదరాబాదు పోతే నుమాయిష్ చూడకుండా రారు. 1938లో ఉస్మానియా పట్టభద్రులు స్థానిక వస్తువుల ప్రదర్శనగా పబ్లిక్ గార్డెన్స్‌లో దాన్ని మొదలుపెట్టారు. 1946లో నాంపల్లి మైదానానికి మారింది. మధ్యలో ఆగి 1949లో మళ్ళీ మొదలైంది. జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి నడిమి దాకా సాగడం ఆనవాయితీ. అందులో ఒక రోజు ఆడవాళ్ళకూ చిన్నపిల్లలకూ మాత్రమే ప్రవేశం. పరదాను దృష్టిలో పెట్టుకొని వచ్చిన ఏర్పాటు అది. పరదాను బలపరిచేదే అని మనం విమర్శించవచ్చు. కానీ పరదా లేని మా ఇళ్ళ ఆడవాళ్ళు కూడా ఆ ఒక్క రోజు గురించి చెప్పేటప్పుడు గొంతు మారుతుంది. జెయింట్ వీలెక్కి గట్టిగా అరవొచ్చు. మిరపకాయ బజ్జీలు నిలబడి తినొచ్చు. ఎవరూ తోసుకుంటూ పోరు. గాజుల అంగట్లో ధర ఎంతసేపైనా బేరమాడొచ్చు, గడియారం చూస్తూ బయట నిలబడ్డ మనిషి లేడు.

ఇంకో సంగతి ఉంది. నుమాయిష్ నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ ఆ ఆదాయంతో విద్యాసంస్థలు నడుపుతుంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ వాటిలోవి. గాజులు కొని, బజ్జీలు తిని, టిక్కెట్టు కొని చూసినవాళ్ళ డబ్బు ఎవరో ఆడపిల్లల చదువుగా మారింది. మా అవ్వకు సచ్చిన కాలేజీ, బతికిన కాలేజీ మాత్రమే దొరికితే, మా అమ్మ కొన్న టిక్కెట్టు ఆడపిల్లల కాలేజీకి చందా అయింది. ఆమెకు ఆ సంగతి తెలియదు. తెలియకపోయినా లెక్కలో రాయాలి.

ట్యాంక్‌బండ్ మీద 1986లో నిలిపిన తెలుగు ప్రముఖుల విగ్రహాల్లో ఆడవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. వాళ్ళలో మొల్ల ఉంది. మొల్ల గోపవరం మా జిల్లా బద్వేలు దగ్గరిదేనని మావాళ్ళ నమ్మకం. హైదరాబాదు పోయి అంతమంది మగ విగ్రహాల మధ్య తమ జిల్లా కుమ్మరివాళ్ళమ్మాయిని చూసి "మనూరామె" అని నిలబడ్డ ఆడవాళ్ళకు, ఆ పట్నం ఆ క్షణంలో కాస్త తమదయింది.

ఆల్బంలో లేనివి

సెలవు ప్రయాణాల ఫొటోలు దాదాపు ప్రతి ఇంట్లో ఉన్నాయి. ఫొటోల్లో లేనిది నీళ్ళ దాహం. పట్నం చూసిన రోజున ఆడవాళ్ళు పొద్దున్నుంచి నీళ్ళు తాగరు. తాగితే మరుగుకు ఎక్కడికి పోవాలి? యాభై మైళ్ళు దాటిన రైలుకు మరుగుదొడ్డి ఉండాలని 1890లో చట్టం చెప్పింది. యాభై ఎకరాలు తిరగాల్సిన పార్కులో ఆడవాళ్ళ కోసం అంత ఆలోచన జరగలేదు. మగవాళ్ళు గోడ చాటుకు పోయి వచ్చారు. ఆడవాళ్ళు బిగబట్టుకొని జిరాఫీని చూశారు. నెలసరి తేదీ లెక్కవేసుకొని ప్రయాణం పెట్టుకోవడం, తేదీ కుదరకపోతే వెనక్కి జరపడానికి మాత్రలు మింగడం, ప్రయాణంలో గుడి కూడా ఉంటే తప్పనిసరి. చంటిపిల్లకు పాలివ్వడానికి చెట్టు చాటు వెతుక్కోవడం. మెడలోని నాంతాడును కొంగుతో కప్పి పట్టుకోవడం. పిల్లలు తప్పిపోతారేమోనని తలలు లెక్కపెట్టుకుంటూ నడవడం. చూడటానికి పోయిన చోట ఆమె కళ్ళు సగంసేపు పిల్లల మీద, సగంసేపు ముందు నడిచే మనిషి వీపు మీద ఉన్నాయి.

పాశ్చాత్య విమర్శ పనిలేకుండా నగరం తిరిగే మనిషికి ఫ్లానర్ అని పేరు పెట్టి, ఆధునికతకు అతణ్ణి ప్రతినిధిగా చేసింది. అతను మగవాడే అయి ఉంటాడని, ఆడమనిషికి ఆ తిరుగుడు వీలు కాలేదని జానెట్ వుల్ఫ్ 1985లో రాసింది. ముంబయి మీద పనిచేసిన శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో 'వై లాయిటర్?' అనే పుస్తకంలో ఆడవాళ్ళు వీధిలో ఉండాలంటే ఎప్పుడూ ఏదో ఒక పని చూపించాల్సివస్తుందని, పనిలేకుండా ఊరికే ఉండే హక్కు కూడా హక్కేనని వాదించారు. మా ఊళ్ళ నుంచి పోయిన ఆడవాళ్ళ దగ్గర ఈ వాదానికి ఒక చేర్పు ఉంది. వాళ్ళు చూపించిన పని 'పిల్లలకు చూపించడం'. 'పిల్లలు జూ చూడాలంట' అంటే ఇంట్లో పెద్దలు ఒప్పుకుంటారు. 'నేను పులిని చూడాలి' అని ఏ కోడలూ అనలేదు. పిల్లల కోరికను తన కోరిక మీద కొంగులా కప్పుకొని పోయింది.

తిరుగు టిక్కెట్టు

2014లో రాష్ట్రం రెండైంది. హైదరాబాదు మాకు పొరుగు రాష్ట్రం రాజధాని అయింది. 2016 ఆగస్టులో నంద్యాల-ఎర్రగుంట్ల దారిమీద ప్రయాణికుల రైలు నడిచి, ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ సొంత ఊరి స్టేషను నుంచి రైలెక్కే వీలొచ్చింది, ఎర్రగుంట్లకు రైలొచ్చిన సుమారు నూటయాభై ఏళ్ళకు. ఈలోగా ఆడపిల్లలు హాస్టళ్ళకూ ఉద్యోగాలకూ పట్నాలు చేరారు. రిపబ్లిక్ డే సెలవుకు లాల్‌బాగ్‌లో పూల ప్రదర్శన జరిగేటప్పుడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న కూతుళ్ళు పులివెందుల నుంచి, జమ్మలమడుగు నుంచి అమ్మలను పిలిపించుకుంటున్నారు. ముందు నడిచేది కూతురు. దారి ఆమెకు తెలుసు, మరుగుదొడ్డి ఎక్కడుందో ఆమెకు తెలుసు. తల లెక్కపెట్టాల్సిన పిల్లలు లేరు. సుల్తానా కలలో లాగా ఒక ఆడమనిషి ఇంకొక ఆడమనిషి చేయి పట్టుకొని ఊరు చూపిస్తోంది. అందరికీ ఇది జరగలేదు. పత్తి తీసిన ఆమె కూతురు చాలాచోట్ల ఇంకా పత్తి తీస్తోంది. కొందరు కూతుళ్ళు బెంగుళూరు చేరింది అపార్టుమెంట్లలో పనికి. వాళ్ళకు ఆ పట్నంలో చూసే రోజు లేదు.

అందుకే ఈ ప్రయాణాలను ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. మద్రాసు సచ్చిన కాలేజీ, బతికిన కాలేజీ చూసిన తరం వెళ్ళిపోతోంది. మీ ఇంట్లోనూ ఒక అవ్వ, అత్త, పెద్దమ్మ ఉంటారు. 'పట్నంలో ఏం చూశావు' అని మాత్రమే అడిగితే పట్టిక చెబుతారు. ఎవరితో పోయావు, ఎవరి వెనక నడిచావు, ఇంట్లో గొడ్లను ఎవరికి అప్పగించి పోయావు, నీళ్ళు తాగావా, ఏది ఇంకాసేపు చూడాలనిపించింది, ఎవరు చాల్లే పద అన్నారు అని అడగండి. ఆ చివరి రెండు ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో మన బహిరంగ జీవితపు చరిత్ర చాలా ఉంది. మా అవ్వను నేనడిగాను. ఏనుగు దగ్గర ఇంకాసేపు ఉండాలనుకుందట. రైలు టైమైందని లాక్కొచ్చారట.